ఒకసారి ఠక్, పదిసార్లు ఠక్

మెట్ట రైతు బావి మీది మోటారును ముందు చూడడు, వింటాడు. నీళ్లు లాగుతోందా, గాలి పీలుస్తోందా, ఒక ఫేజు పోయి తిరగలేక మూలుగుతోందా అన్నది గట్టు మీద నుంచే పసిగడతాడు. మూలుగు వినబడితే చేతిలో పని అక్కడే పడేసి పరుగున పోయి స్టార్టరు ఆపుతాడు. ఇంకాసేపు ఆగితే వైండింగు కాలిపోతుంది. నందిగామ చుట్టుపక్కల ఈ చెవి లేని ఇల్లు అరుదు. అలాంటి ఊళ్లోనే, బల్ల మీది కంప్యూటర్లో తిరిగే చిన్న మోటారు రోజుల తరబడి మొత్తుకుంటున్నా పట్టించుకోని వాళ్లను చాలామందిని చూశాను. ఆ మోటారు హార్డ్ డిస్కుది. అది చేసే ప్రతి చప్పుడుకూ ఒక అర్థం ఉంది. ఆ అర్థం వెనక ఎంత పనితనం ఉందో తెలిశాక ఆ చప్పుడును నేను మామూలుగా వినలేకపోతున్నాను.

నాకు ఈ చెవి ఇచ్చింది నందిగామలో ఒక రిపేరు కొట్టు. అందులో పనిచేసే కుర్రవాడు డిస్కును అరచేతిలో బల్లపరుపుగా పెట్టుకుని, కరెంటు ఇచ్చి, కళ్లు మూసుకుంటాడు. హైవే పక్కన లారీ షెడ్లలో పెద్ద మేస్త్రీలు స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని వింటారు. ఇతనిదీ ఆ విద్యే. మొదటి పది సెకన్లూ ఎవరు పలకరించినా పలకడు.

ఆ పది సెకన్లలో వినాల్సింది చాలా ఉంది. మొదట సన్నగా మొదలై పైకి లేచే ఈల లాంటి చప్పుడు. సమాచారం రాసి ఉండే పళ్లేలు లోపల వేగం అందుకుంటున్నాయి. మామూలు డెస్క్‌టాప్ డిస్కు నిమిషానికి 7200 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 120. గోడ మీది స్టెబిలైజరు మూలుగు సెకనుకు 100 కంపనాలు కాబట్టి, చెవి నిలిపి వింటే డిస్కు శ్రుతి దానికంటే కొంచెం పైన పలుకుతుంది. ఆ వేగం దగ్గర పళ్లెం అంచు గంటకు 120 కిలోమీటర్లు దాటి పోతుంటుంది. హైదరాబాదు నుంచి విజయవాడకు మన ఊరి మీదుగా పోయే ఏ బస్సూ అంత వేగంతో పోదు. ఆ పరుగు మీద, తాకకుండా, చదివే తల తేలుతూ ఉంటుంది. ఎత్తు కొన్ని నానోమీటర్లు. తల వెంట్రుక మందం 80 వేల నానోమీటర్ల పైమాటే. నందిగామ గాలిలో మిరప ఘాటు, పత్తి నూగు, జగ్గయ్యపేట వైపు పోతే సిమెంటు దుమ్ము ఎప్పుడూ ఉంటాయి. అందులో ఒక్క రేణువు ఆ తల ముందుకు వస్తే రోడ్డుకు అడ్డంగా కొండ పడ్డట్టే. అందుకే డిస్కు మూత ఇంట్లో విప్పకూడదు. మూత మీద గాలి పీల్చుకునే చిన్న రంధ్రం కూడా వడపోత వెనకే ఉంటుంది.

తలను అటూ ఇటూ తిప్పే యంత్రం పేరు వాయిస్ కాయిల్. లౌడ్ స్పీకర్లో పాట పలికించే తీగచుట్టకు ఉన్న పేరే దీనికీ వచ్చింది. పనిచేసే తీరూ అదే. బలమైన నియోడిమియం అయస్కాంతం మధ్య రాగి చుట్ట, అందులో కరెంటు మారితే కదలిక. మైకు సెట్టులో ఆ కదలిక పాటవుతుంది, ఇక్కడ వెతుకులాటవుతుంది. ఫైళ్లు తెరుస్తుంటే వినబడే గరగర, రేకుల మీద సన్నజల్లు లాంటి చప్పుడు, ఆ చుట్ట పాటే. అది ఆరోగ్యం. ఎవరూ ముట్టుకోకపోయినా డిస్కు తనంత తాను గొణుక్కుంటుంటే అదీ ఆరోగ్యమే. ఖాళీ దొరికినప్పుడు తన పళ్లేలను తానే సరిచూసుకుంటోంది.

నాకు అన్నిటికంటే ముచ్చటగా అనిపించేది కరెంటు పోయిన క్షణం. వేసవి మధ్యాహ్నం ఫ్యాను నెమ్మదిస్తుంది, యూపీఎస్ లేని కంప్యూటరు తెర నల్లబడుతుంది, లోపలి నుంచి ఒక్కసారి ‘ఠక్’ అని వినబడుతుంది. చాలామంది ఉలిక్కిపడతారు. కరెంటు ఆగితే తల కింద గాలి పొర తగ్గుతుంది, తల పళ్లెం మీద కూలాలి. కూలకుండా ఉండాలంటే పక్కకు జరగాలి. జరగడానికి కరెంటు కావాలి, అది లేదు. దీనికి ఇంజనీర్లు కనిపెట్టిన ఉపాయం వినండి. పళ్లేలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి కదా, వాటిని తిప్పిన మోటారే ఆ క్షణంలో డైనమో అవుతుంది. ఆగిపోబోయే చక్రం తన చివరి ఊపు నుంచి పుట్టించిన కరెంటుతో తలను పక్కనున్న వాలు మీదికి ఎక్కించి, అక్కడ నిలిపి, తర్వాతే ఆగుతుంది. మనం విన్న ఠక్ అదే. కరెంటు కోతలు ఎరిగిన ఊరి మనిషిగా, ఈ ఏర్పాటు చేసినవాళ్లకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది నాకు.

వాళ్ల పేర్లు డబ్బా మీద ఉండవు. మన జగ్గయ్యపేటలో మాత్రం ఒక పనివాడి పేరు మిగిలింది. అక్కడి స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించినప్పుడు బయటపడ్డ ఆయక స్తంభాల మీద ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ ఏట వేయించిన శాసనం ఉంది. ఆ స్తంభాలు నిలిపినవాడు రాజు కాదు, మంత్రి కాదు, సిద్ధార్థుడనే పనివాడు. తన పేరూ, తండ్రి పేరూ, తన ఊరూ చెక్కించుకున్నాడు. డిస్కు వంశంలో అలా పేరు మిగిలినవాళ్లు కొద్దిమందే. 1956లో ఐబీఎం మొదటి డిస్కు యంత్రం రామాక్‌ను తెచ్చిన బృందానికి పెద్ద రేనాల్డ్ జాన్సన్. 24 అంగుళాల పళ్లేలు 50 పెట్టినా అందులో పట్టింది 50 లక్షల అక్షరాలు. ఇవాళ ఒక పెళ్లి ఫొటో దానికంటే పెద్దది.

ఇక రోగపు చప్పుళ్లు. ఠక్... ఠక్... ఠక్... అని లయ తప్పకుండా వచ్చేదాన్ని అందరూ ‘డిస్కు కొట్టుకుంటోంది’ అంటారు. లోపల ఏదో విరిగి కొట్టుకుంటోందని నేనూ అనుకునేవాణ్ని. నిజం అంతకంటే జాలి గొలుపుతుంది. ప్రతి పళ్లెం మీదా ఫ్యాక్టరీలోనే దారి గుర్తులు రాసి ఉంటాయి, మైలురాళ్ల లాగా. తల ప్రతి చుట్టులో వాటిని చదువుకుంటూ తానెక్కడున్నదీ తెలుసుకుంటుంది. తల చెడినా, పళ్లెం గీసుకుపోయినా ఆ రాళ్లు కనబడవు. దారి తప్పిన డిస్కు ఏం చేస్తుంది? తలను మోసే చేతిని మొదటి చోటికి తెచ్చుకుని, అంచుకు తాకించి, మళ్లీ మొదటి నుంచి వెతుకుతుంది. దొరక్కపోతే మళ్లీ. ఆ ఠక్ ప్రతిదీ ఇంటికొచ్చి తిరిగి బయల్దేరడం. కొన్నిసార్లు ప్రయత్నించి, చేతకాక, మోటారు ఆపేసుకుంటుంది. మనం మళ్లీ స్విచ్చి వేస్తాం. వంగిన తల పళ్లెం మీద గీరుతూ పోతుంటే ఒక్కో ప్రయత్నానికీ కొంత సమాచారం పొడి అయి రాలుతుంది. అందుకే రిపేరు కుర్రవాడి మొదటి మాట ఎప్పుడూ ఒకటే: “ముందు ఆపండి మాష్టారూ, తర్వాత మాట్లాడదాం.”

గీకుడు చప్పుడు వినబడితే మాటకు కూడా వ్యవధి లేదు. కరెంటు తీసేయడమే. గాజు పళ్లేలున్న ల్యాప్‌టాప్ డిస్కుల్లో అయస్కాంతపు పూత మొత్తం గీసుకుపోయి, అవతలి వైపు కనబడేంత స్వచ్ఛంగా తయారైన పళ్లేలుంటాయి. అక్కడి నుంచి తీసుకురావడానికి ఇంకేమీ మిగలదు.

కీచుమనే సన్నని బీప్ వేరు. డిస్కులో స్పీకరు లేదు. అలా పలికేది తిరగలేని మోటారు, మన ఫేజు పోయిన మోటారుకు చిన్న తమ్ముడు. తల పళ్లేనికి అతుక్కుని ఉండొచ్చు, బేరింగు పట్టేసి ఉండొచ్చు. ఒక్కోసారి తప్పు డిస్కుదే కాదు. చేతిలో పట్టే పోర్టబుల్ డిస్కులకు లేవడానికి కరెంటు ఎక్కువ కావాలి. పాత యూఎస్‌బీ పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, నలిగిన కేబులు అందులోనూ కొంత తినేస్తుంది. కేబులు, పోర్టు ఒక్కసారి మార్చి చూడటం న్యాయం. పదిసార్లు చూడటం కాదు.

అసలు చప్పుడే లేకపోతే? తప్పు అడాప్టరు గుచ్చినా, వోల్టేజి ఎగసినా బోర్డు మీద కాపలా డయోడు తాను కాలి మిగతాదాన్ని కాపాడుతుంది. అలాంటి డిస్కుకు అదే మోడల్ బోర్డు తెచ్చి బిగిస్తే సరిపోతుందనుకుంటారు. పాతకాలం డిస్కులకు కుదిరేది. ఇప్పుడు ప్రతి డిస్కూ ఫ్యాక్టరీలో తన తలల తీరు, తన పళ్లేల వంకర కొలిపించుకుని, ఆ లెక్కల్లో కొన్నిటిని బోర్డు మీది చిప్‌లో దాచుకుంటుంది. ఆ చిప్‌ను ఊడదీసి కొత్త బోర్డుకు అతకాలి. ఒకే అచ్చులో పోసినట్టు కనబడే లక్షల డిస్కుల్లో ఏ రెండూ ఒకటి కావన్నమాట.

చెవికి అందనివీ ఉన్నాయి. ఫోల్డరు తెరవడానికి నిమిషం పట్టడం, కాపీ ఒకేచోట నిలబడిపోవడం, ఫొటో సగం కనబడి సగం బూడిదరంగు కావడం. డిస్కు తన ఆరోగ్యం తానే రాసుకునే స్మార్ట్ అనే చిట్టా ఒకటుంది. అందులో 5వ పద్దు చెడిపోయిన చోటు బదులు వేరేచోటికి మార్చిన లెక్క, 197వది చదవలేక అనుమానంలో పెట్టిన లెక్క. ఇవి సున్నా దాటి పెరుగుతున్నాయంటే కొత్త డిస్కు కొనాల్సిందే. 199వది పెరిగితే మాత్రం సాధారణంగా కేబులు తప్పు. 2007లో గూగుల్ ఇంజనీర్లు లక్షకు పైగా డిస్కుల చరిత్ర చూసి చెప్పిన సంగతి: స్కాన్‌లో మొదటి తప్పు పడ్డ డిస్కు, 60 రోజుల్లోపు పోయే అవకాశం తప్పు పడని దానికంటే 39 రెట్లు ఎక్కువ. అదే పరిశోధనలో ఇంకో మాటా ఉంది. చచ్చిన డిస్కుల్లో సగానికి పైగా ముఖ్యమైన నాలుగు పద్దుల్లో ఏ గుర్తూ చూపకుండానే పోయాయి. కాబట్టి చెవి ఎంత పదునైనా రెండో డిస్కు మీద రెండో కాపీకి అది సాటి రాదు.

మున్నేరు వరద సంగతి కూడా చెప్పాలి. 2023 జులైలో ఐతవరం దగ్గర హైవే మీదికి, మళ్లీ 2024 సెప్టెంబరులో మన పొలాల్లోకీ ఇళ్లలోకీ వచ్చిన నీరు కంప్యూటర్లను కూడా వదలలేదు. తడిసిన డిస్కును ఎండలో పెట్టడం, హెయిర్ డ్రయ్యరు పట్టడం, ఆరిందని కరెంటు ఇవ్వడం మూడూ చేటే. నీరు ఆరితే బురద పళ్లెం మీద గట్టిపడుతుంది. తడిగానే గాలి చొరని సంచిలో చుట్టి, శుభ్రమైన గది ఉన్న రికవరీ కేంద్రానికి పంపాలి. ఫ్రిజ్‌లో పెడితే బతుకుతుందన్న చిట్కా కూడా మరిచిపోవాలి, లోపల చెమ్మ పడుతుంది.

ఆ కొట్లో నేను చివరిసారి కూర్చున్న రోజు ఒక ఫొటో స్టూడియో ఆయన డిస్కు పట్టుకొచ్చాడు. కంచికచర్ల, చందర్లపాడు, వత్సవాయి పెళ్లిళ్లు, పెనుగంచిప్రోలు తిరునాళ్ల వీడియోలు అన్నీ అందులోనే. వారం నుంచి మధ్యమధ్యలో ఠక్ అంటోందట, ఇవాళ ఎక్కువైందట. కుర్రవాడు అరచేతిలో పెట్టుకుని విన్నాడు. రెండు ఠక్‌ల తర్వాత గరగర మొదలైంది, దారి దొరికింది. “ఇంకా చదువుతోందన్నా. కానీ ఫైళ్లు తెరిచి చూడొద్దు, ఒక్కటి కూడా.” లినక్స్‌లో డీడీరెస్క్యూ అనే కాపీ ప్రోగ్రాము పెట్టాడు. అది చెడ్డచోట్ల మొండిగా కూర్చోదు. ముందు తేలిగ్గా వచ్చినదంతా కొత్త డిస్కు మీదికి తెచ్చేసి, కష్టమైన చోట్లకు తర్వాత తిరిగొస్తుంది. చిన్న ఫ్యాను ఒకటి డిస్కు మీదికి తిప్పాడు. స్టూడియో ఆయన స్టూలు మీద కూర్చుని, భోజనానికి లేవకుండా, ఆ అంకెలనే చూశాడు.

రాత్రి తొమ్మిది దాటాక తెర మీద లెక్క ఆగింది. కొన్ని చోట్లు రాలేదు, మిగతాదంతా వచ్చింది. కుర్రవాడు కొత్త డిస్కులో ఒక పెళ్లి తెరిచి చూపించాడు: పందిరి, తలంబ్రాలు, పసుపు చేతులు. తర్వాత పాతదాని కరెంటు తీశాడు. ఈల సన్నగిల్లుతూ దిగింది, ఒక్కసారి ఠక్ మంది. చెయ్యి వాలు మీదికి ఎక్కింది.