ఖడ్గతిక్కన నిందాచాటువులు : పక్షపాతవిమర్శ స్వరూపము

నెల్లూరి నేలిన తెలుగుచోడ ప్రభువు మనుమసిద్ధి కొలువున తిక్కన నామధేయులు ఇద్దరు ప్రసిద్ధులు. ఒకడు విరాటపర్వము మొదలుకొని పదునైదు పర్వముల భారతమును తెనిగించిన సోమయాజి. రెండవవాడు ఆతని పెదతండ్రి సిద్ధనకు కుమారుడు, సేనాని. ఖడ్గతిక్కన యనియు రణతిక్కన యనియు వాడుక గన్నవాడు. మొదటివానిని గూర్చిన పరిశోధన గ్రంథరాశిగా పెరిగినది. రెండవవాడు మాత్రము మనలో పెక్కురకు కొన్ని చాటుపద్యముల మూలముననే పరిచితుడు. ఆ చాటువులలో మిక్కిలి ప్రచారము గన్నవి ఆతని విజయమును గూర్చినవి కావు. యుద్ధమున విరిగి యిల్లు చేరిన సేనానిని భార్యయు తల్లియు ఎట్లు నిందించిరో చెప్పునవి. వీనిని మనము వీరరసమునకు లక్ష్యములుగా పాఠము చెప్పుచున్నాము. ఇవి నిజముగా వీరరసపద్యములా, లేక ఒక అప్రియ యుద్ధము యొక్క దోషమునంతయు సేనాని తలపై మోపిన పక్షపాతవిమర్శయా? ఈ ప్రశ్ననే యిచట విచారింపదలచినాము.

ఈ ప్రశ్న మాకు స్వయముగా తోచినది కాదు. కొన్ని యేండ్ల క్రిందట ఈ చాటువులను తరగతిలో వ్యాఖ్యానించుచుండగా, గొఱ్ఱెలకాపరుల యింట పుట్టిన విద్యార్థి యొకడు లేచి, "అయ్యా, తిక్కన వెనుదిరిగినాడు సరే, అసలు ఆ తగవు తెచ్చిన దెవరండీ?" అని అడిగినాడు. మా ఉపన్యాసపత్రములలో ఆ ప్రశ్నకు సమాధానము లేదు. చాటువులలోను లేదు. ఆ లోపమెందువలన కలిగినదో తెలిసికొనుటకే మేము మరల ఈ కథను తరచి చూచితిమి.

యుద్ధకారణము కాటమరాజు కథాచక్రమున కలదు. ఎఱ్ఱగడ్డపాటి గొల్లలనాయకుడు కాటమరాజు అనావృష్టిచే తన సీమ ఎండగా, ఆలమందలను నెల్లూరి ప్రభువు పచ్చికబయళ్లకు తోలుకొని వచ్చెను. మేపుటకు ప్రతిఫలముగ పుల్లరి చెల్లింప ఒడంబడిక యయ్యెను. మందలో పుట్టిన కోడెదూడలను ప్రభువున కిచ్చుట ఆ పుల్లరి. పిదప రాజు ఉంపుడుగత్తె పెంచిన చిలుక గొల్లలవలన చచ్చెననియు, అందుకు ప్రతీకారముగ గొల్లల పశువులను చంపించిరనియు, రక్షణము తప్పిన ప్రభువునకు పుల్లరి ఈయనని కాటమరాజు తిరస్కరించెననియు కథ. గొల్లలు పాడుకొను కథలో ప్రభువు పేరు నల్లసిద్ధి. ఆతడే మనుమసిద్ధి యని పరిశోధకులు సమన్వయించిరి. 13వ శతాబ్ది నడిమి దశకములలో పాలేటి ఒడ్డున పంచలింగాలకడ జరిగినట్లు ప్రసిద్ధమైన ఆ సంగరమునకు నెల్లూరి సేనను నడపినవాడు ఖడ్గతిక్కన.

ఇది శత్రురాజు దండెత్తి రాగా చేసిన ఆత్మరక్షణయుద్ధము కాదు. పన్ను రాబట్టుటకు పశువులకాపరులపై నడపిన దండయాత్ర. మనుమసిద్ధి సింహాసనము కూడ ఆనాడు స్థిరమైనది కాదు. దాయాదులైన అక్కన బయ్యనలు ఆతనిని తొలగింపగా, సోమయాజి ఓరుగంటికి పోయి గణపతిదేవుని సాయము తెచ్చిన వృత్తాంతము కాసె సర్వప్ప సిద్ధేశ్వరచరిత్రమున కలదు. అట్టి ప్రభువు పుల్లరి ఎగవేతను ఉపేక్షింపలేకపోయెనని ఊహించుట అసంగతము కాదు. కాని ఆ అక్కర రాజుది. దానికొఱకు పోరి చచ్చు పని సేనానిది.

ఇక చాటువులను చూతము. సేన నాశనమై తిక్కన నెల్లూరికి తిరిగివచ్చెను. భార్య చానమ్మ స్నానమునకు నీరు పెట్టి, నులకమంచమును అడ్డముగ నిలిపి, దానిచాటున పసుపుముద్ద యుంచెను. ఇదేమని భర్త యడుగగా, ఇంట ఇంతకుముందు ఆడువార మిరువురమే. ఇప్పుడు మువ్వురమైతిమి, ఇక నీకు సిగ్గేల యను అర్థము వచ్చునట్లు పలికెను. తల్లి ప్రోలమ్మ భోజనసమయమున విరిగిన పాలు వడ్డించెను. కారణమడుగగా, మేతకు పోయిన పసులు విరిగినవి, నీవు విరిగి వచ్చితివి, పాలును విరిగినవని బదులు చెప్పెను. తిక్కన మరల రణమునకు పోయి, తిరిగి రాలేదు.

చమత్కారమున ఈ పద్యములకు లోపము లేదు. ప్రోలమ్మ మాటలోని జీవమంతయు 'విరుగు' అను ధాతువుననున్నది. పాలు విరుగుట, మంద చెదరుట, సేన ఓడుట మూడును ఒక్క తెలుగుమాటలో ఇముడును. అయితే శ్లేష చేసిన మేలుతో పాటు కీడును గమనింపవలెను. పాలు విరిగినచో పులుపు కారణము. మంద చెదరినచో బెదురు కారణము. సేన విరిగినచో దానికిని కారణములుండును: బలాబలములు, నేల తీరు, ఎదిరి సిద్ధపాటు, అన్నిటికంటె మించి ఆ యుద్ధమును తలపెట్టినవాని వివేకము. శ్లేష ఈ కారణములన్నిటిని మ్రింగివేసి, ఫలితమును మాత్రము కంచములో పెట్టినది. వినువాడు చమత్కారమునకు తలయూచును, కారణమడుగ మరచును.

సేనానిని విమర్శింపరాదని మా మతము కాదు. యుద్ధనిర్వహణము విమర్శకు లోబడవలసినదే. ఎంత బలముతో పోయెను, ఏ తావున పోరెను, ఎప్పుడు మరలెను, మరలుట సేనను మరల కూర్చుకొనుటకా, ప్రాణభీతిచేతనా అని యడుగుట విమర్శ. ఈ చాటువులలో అట్టి ప్రశ్న యొక్కటియు లేదు. అవి కార్యమును వదలి వ్యక్తిని పట్టినవి. అందును ఆతని పురుషత్వమును పట్టినవి. ఆడుదనమును నిందావాచకముగ చేసి, ఆ నిందను ఆడువారి నోటనే పలికించిన ఈ పద్యముల కర్తలు అజ్ఞాతులు. చానమ్మయు ప్రోలమ్మయు నిజముగ ఇట్లే పలికిరో లేదో యను చర్చకంటె, లోకము ఈ పలుకులను వారి నోట ఏల పెట్టెనను ప్రశ్న ముఖ్యము. కొలువులో ఏ మంత్రియు రాజుతో యుద్ధము తప్పని పలుకలేడు. ఇంటిలో ఇల్లాలు మగనిని ఏమనిననురాజద్రోహము కాదు. రాజును తాకలేని నింద దారి మళ్లి సేనాని యింటి వాకిట దిగినది.

కొలువుకవుల మౌనము ఈ యూహకు బలమిచ్చును. సోమయాజి నిర్వచనోత్తరరామాయణమును మనుమసిద్ధికే అంకితమిచ్చి, అవతారికలో ప్రభువు వంశమును, పరాక్రమమును కొనియాడెను. కేతన దశకుమారచరిత్రమును సోమయాజికి అంకితమిచ్చి ఆతని వంశమును వర్ణించెను. సిద్ధన సంతతిని గూర్చి మనకు తెలిసినది ఆ వర్ణనము వలననే. స్తుతిమర్యాద నెరిగిన ఆ పుటలలో పుల్లరి తగవు వలని పరాభవమునకు చోటు దొరకలేదు. పంచలింగాల యుద్ధమును ఏ ఆస్థానకవియు కావ్యముగా మలచలేదు. కొలువునకు కీర్తి తెచ్చిన యుద్ధమైనచో ఇట్టి మౌనముండదు.

ప్రతిపక్షపు వాఙ్మయమును కూడ ఇదే త్రాసున తూచవలెను. కాటమరాజు కథలను తరతరములుగ కొమ్మువారు పాడుచు వచ్చిరి. తంగిరాల వెంకటసుబ్బారావుగారు వానిని సేకరించి పరిష్కరించిరి. ఇది గొల్లల పక్షమున నిలిచి చెప్పిన కథ. తన పక్షపాతమును దాచుకొనదు. దీనిలోను దోషమొకటి కలదు. రాజు అన్యాయమును సగము ఉంపుడుగత్తెపైకి నెట్టినది. పల్నాటి కథలో నలగామరాజు తప్పులు నాయకురాలు నాగమ్మ ఖాతాకు చేరినట్లే, ఇచట ప్రభువు తప్పు ఒక చిలుకమీదుగా ఒక స్త్రీకి సంక్రమించినది. ఐనను ఈ కథ చాటువులు చేయని రెండు పనులను చేసినది. ఒడంబడిక ఏమో, అది ఎట్లు చెడెనో చెప్పినది. పుల్లరి పుచ్చుకొనువాడు మందను కాపాడవలెనను ధర్మసూత్రమును యుద్ధమునకు మూలముగ నిలిపినది. రెండవది, తన శత్రువైన తిక్కనను పిరికిపందగ చిత్రింపక, పోరి పడిన వీరుడుగ నిలిపినది. స్వపక్షము పిరికివాడన్న సేనానికి శత్రుపక్షము వీరగతి నిచ్చినది. పక్షపాతముగల రచనయంతయు అసత్యము కానక్కరలేదనియు, ఏ పక్షమునకు ఏ సత్యము పలుకుట సులభమో చూడవలెననియు దీనివలన తెలియుచున్నది.

ప్రోలమ్మను విదులతో పోల్చుట పరిపాటి. ఉద్యోగపర్వమున కుంతి కృష్ణునిద్వారా కొడుకులకు పంపిన సందేశములో విదులోపాఖ్యానము కలదు. సింధురాజుచే ఓడి కుంగి పడియున్న సంజయుని తల్లి విదుల తీవ్రముగ నిందించును. పోలిక పైకి చక్కగ కుదురును. కాని భేదమే అర్థవంతము. సంజయుడు పోగొట్టుకొన్నది తన రాజ్యము. తిక్కన పోరినది పరుని పన్నుకొఱకు. సంస్కృతమూలమున విదుల నిందతో ఆగదు. కొడుకు ఎరుగని ధనరాశి తనవద్ద కలదని చెప్పును, సహాయుల నెరిగించును, ఉపాయము బోధించును. ఆతడు లేచి గెలుచును. మందలించి చేయూత నిచ్చుట విదుల మార్గము. చాటువులోని తల్లికి కొడుకు చేతి కిచ్చుటకు విరిగిన పాలు తప్ప వేరొకటి లేదు. మొదటిది జయమునకు పురికొల్పినది. రెండవది చావునకు పంపినది. ఈ రెండింటిని 'వీరమాత' యను ఒక్క శీర్షిక క్రింద చేర్చుట విమర్శకు తగదు.

సోమయాజి తెనిగించిన పర్వములలోనే ఈ విషయమునకు విపులమైన వ్యాఖ్యానమున్నది. కురుక్షేత్రయుద్ధము వలదని కౌరవసభలో చెప్పినవారు భీష్మద్రోణులు. వద్దన్న ఆ యుద్ధమునే వారు వరుసగ నడపవలసివచ్చెను. సేన నష్టపడినప్పుడెల్ల దుర్యోధనుడు తన నిర్ణయమును శంకింపలేదు, సేనానులను శంకించెను. పాండవులపై కనికరమున భీష్ముడు చేయి కట్టుకొనుచున్నాడనెను. అర్జునుడు సైంధవునికై వ్యూహము చొచ్చినప్పుడు ద్రోణుడు దారి విడిచెనని నిష్ఠురమాడెను. ద్రోణుడు ఆతనికి అభేద్యమైన కవచము తొడిగి, నీవే పోయి యెదుర్కొనుమని పంపుట ఆ నిందకు తగిన బదులు. కర్ణుడు భీష్ముడుండగా ఆయుధము పట్టననెను. కృపుడు కర్ణుని ప్రగల్భములను ఎత్తిపొడిచెను. రథము తోలవచ్చిన శల్యుడు రథికునే కించపరచెను. ఇన్ని నిందలలో ఒక్కటియు యుద్ధమూలమును తాకదు. తాకినవాడు విదురుడు. ఆతడు సేనాని కాడు, సేనానులను దూషించినవాడును కాడు. ధృతరాష్ట్రుని ముఖముననే తప్పు చెప్పినవాడు. తన యింటి సేనానిని తలచి సోమయాజి ఈ ఘట్టములను మలచెనని మేము అనజాలము. కాని లోకము తన పెదతండ్రి బిడ్డపై చాటువులు కట్టుకొన్న ఊరిలో ఆ కవి, నిందకు గురియైన సేనానుల ఆత్మగౌరవమునకు గొప్ప భాష నిచ్చెననుట మాత్రము చదువరులకు ప్రత్యక్షము.

ఇది ప్రాచీనకాలపు ముచ్చటయని త్రోసివేయుటకును వీలులేదు. 1962లో చైనాతో యుద్ధమున పరాభవము కలిగినప్పుడు సేనాధిపతి థాపరు పదవి విడిచెను. అయితే అంతకుముందే రక్షణమంత్రి కృష్ణమేనను కూడ పదవి వదలవలసివచ్చెను. సేనానిని ప్రశ్నించిన సభయే పాలకుని కూడ ప్రశ్నింపగలిగినప్పుడు నింద విమర్శగ మారును. మనుమసిద్ధి కాలమున అట్టి సభ లేదు. కనుక చాటువుకర్తలను మనము కఠినముగ తూలనాడ నక్కరలేదు. కాని అన్ని ప్రశ్నలును అడుగుటకు స్వేచ్ఛగల మనము కూడ వారు ఆగినచోటనే ఆగుట క్షంతవ్యము కాదు.

కావున ఈ చాటువులను బోధించునప్పుడు మూడు విషయములను చేర్చి చెప్పుట యుక్తమని మా తలంపు. మొదటిది, అవి వీరరసమునకంటె అధిక్షేపమునకు చక్కని లక్ష్యములు. రెండవది, వానిని కాటమరాజు కథతో కలిపియే చదువవలెను. ఏలయన ఒకదానిలో లోపించిన కారణము రెండవదానిలో కలదు. మూడవది, నిందాపద్యము చదివినపుడెల్ల, నిందకు గురియైనవానితో పాటు నిందకు తప్పించుకొన్నవాడెవడో చూడవలెను.

మనుమసిద్ధి కావ్యములో నిలిచెను. కాటమరాజు కొమ్ముకథలో నిలిచెను. తిక్కనకు లోకమిచ్చినది నులకమంచము, పసుపుముద్ద, విరిగిన పాలు. ఆ విద్యార్థి ప్రశ్నకు ఇప్పుడు మేము ఇచ్చు సమాధానమిది: తగవు తెచ్చినది తిక్కన కాదు; దానికి వెల యిచ్చినవాడు తిక్కన. ఈ మాట తరగతిలో చెప్పుటకు మాకు ఇన్నియేండ్లు పట్టినది.