మార్కులు ఇంటికా, మనిషికా?

‘ది సిమ్స్ 4’లో ప్రతి ఉద్యోగానికీ జీతంతో పాటు ఒక ‘ఆదర్శ మూడ్’ కూడా రాసిపెట్టి ఉంటుంది. చిత్రకారుడు ప్రేరణతో పనికి వెళ్ళాలి. కంప్యూటర్ ఉద్యోగి ఏకాగ్రతతో వెళ్ళాలి. స్టేజి మీద జోకులు చెప్పేవాడు చిలిపిగా వెళ్ళాలి. అలా వెళ్తే పనితీరు చూపించే గీత చకచకా పెరిగి ప్రమోషన్ దగ్గరపడుతుంది. లేకపోతే బొమ్మ ఎంత పనిమంతురాలైనా నత్తనడకే. అందుకని ఆడేవాళ్ళు డ్యూటీకి ముందే మూడ్ తయారుచేసి పంపిస్తారు. అద్దం ముందు నిలబెట్టి తనకి తానే ధైర్యం చెప్పుకోమంటే ఆత్మవిశ్వాసం వస్తుంది. చదరంగం బల్ల దగ్గర ఎత్తులు ఆలోచించమంటే ఏకాగ్రత. షవర్ కింద ఆలోచిస్తూ స్నానం చేయమంటే ప్రేరణ.

2014లో వచ్చిన ఈ ఆటని 2022 అక్టోబరులో ఉచితం చేశారు. ఇప్పుడు అదనపు ప్యాకులకే డబ్బులు. బొబ్బిలిలో మా ఇంటి లాప్‌టాప్‌లోకి ఇది అలాగే వచ్చింది. నాకంటే ఎక్కువగా మా పిన్ని కూతురు ఆడుతుంది. డీఎస్సీకి చదువుకుంటూ మధ్యలో అరగంట ఆట. ఒకరోజు తన బొమ్మ ఇంట్లో ముసలాయన చనిపోయాడు. బొమ్మ ఏడుస్తోంది, తెల్లారితే డ్యూటీ. తను ఏ మాత్రం కంగారు పడకుండా గోడ నిండా బొమ్మలు తగిలించేసింది. “ఏటవుద్దక్కా, ఏడుపు తగ్గక్కర్లేదు. ప్రేరణ ఎక్కువుంటే చాలు” అంది. ఆట లోపలి సిద్ధాంతాన్ని ఇంతకంటే సూటిగా చెప్పిన వ్యాసం నేను చదవలేదు.

లెక్క ఎలా ఉంటుందంటే, బొమ్మ మనసులోకి వచ్చే ప్రతి చిన్న భావానికీ ఒక అంకె ఉంటుంది, ఒక గడువు ఉంటుంది. మంచి భోజనానికి ఇంత, తడిసిన బట్టలకి ఇంత, చావుకి ఇంత. ఒకే రకం భావాల అంకెలన్నీ కలిపి ఏది ఎక్కువైతే ఆ క్షణానికి బొమ్మ మూడ్ అదే. గోడకి తగిలించిన కొన్ని చిత్రాలు చుట్టూ ఉన్నవాళ్ళకి ఫలానా భావాన్ని అంటిస్తాయి. కాబట్టి దుఃఖాన్ని ఎవరూ తీర్చనక్కర్లేదు, ఓట్లలో ఓడిస్తే సరిపోతుంది. అది లోపలే ఉంటుంది, గడువు నడుస్తూనే ఉంటుంది, కానీ మెజారిటీ లేదు కాబట్టి ఆఫీసు దాన్ని లెక్కలోకి తీసుకోదు.

ఇది చాలా తెలివైన డిజైన్. ముందు ఆ మాట ఒప్పుకోవాలి. మూడ్ మారితే బొమ్మ నడక మారుతుంది, నిలబడే తీరు మారుతుంది, మనం చెప్పగలిగే పనులే మారిపోతాయి. దుఃఖంలో ఉన్న బొమ్మ మంచం మీద పడి ఏడవగలదు, కోపంగా ఉన్న బొమ్మ కోపంతోనే చిత్రం గీయగలదు. ఏ భావమైనా మరీ ముదిరితే ప్రమాదమని కూడా ఆటకి తెలుసు: పట్టరాని నవ్వు, భరించలేని అవమానం, ఆపుకోలేని కోపం, మూడూ బొమ్మ ప్రాణం తీయగలవు. నాట్యశాస్త్రం చదివినవాళ్ళకి ఇదంతా ఎక్కడో విన్నట్టే ఉంటుంది. భావాన్ని పుట్టించే వస్తువులు విభావాలు. నడకలో, ముఖంలో కనిపించేవి అనుభావాలు. వచ్చిపోయే చిన్న భావాలు సంచారులు, భరతుడు వాటిని 33గా లెక్కపెట్టాడు. వీటన్నిటి వెనకా నిలిచి ఉండేది స్థాయి. గడువు పెట్టిన సంచారి భావాల్ని స్క్రీన్ మీద నడిపించి చూపించిన ఆట ఇంకొకటి నాకు గుర్తు రావడం లేదు.

తేడా ఎక్కడంటే, భరతుడి లెక్కలో శోకానికి తన చోటు తనకుంది. అది కరుణ రసం అవుతుంది; ఉత్సాహం వీరం అయినట్టే, ఏ మాత్రం తక్కువ కాకుండా. ‘సిమ్స్ 4’లో శోకానికి ప్రమోషన్ ఇచ్చే ఉద్యోగం నాకు తగల్లేదు. భావాల్ని అంత శ్రద్ధగా విడదీసి, చివరికి ఏది ఏ కుర్చీకి పనికొస్తుందో చీటీ అంటించిన ఆట ఇది.

మొదట్లో ఇలా లేదు. 1991 అక్టోబరులో అమెరికాలోని ఓక్లండ్ కొండల్లో పెద్ద మంటలు చెలరేగి విల్ రైట్ ఇల్లు కాలిపోయింది. అప్పటికే ‘సిమ్ సిటీ’ (1989) చేసి పేరు తెచ్చుకున్నవాడు. మళ్ళీ ఇల్లు కట్టుకుంటూ, గరిటె నుంచి మంచం దాకా కొనుక్కుంటూ, మనిషికి ఏ వస్తువు ఎందుకు కావాలన్న ఆలోచనలో పడ్డాడు. ఇళ్ళూ వీధులూ మనుషులకి ఎలా పనికిరావాలో చెప్పే క్రిస్టఫర్ అలెగ్జాండర్ పుస్తకం ‘ఎ పాటర్న్ లాంగ్వేజ్’ (1977) ప్రభావం కూడా ఉంది. మొదట అనుకున్నది ఇళ్ళు కట్టే ఆటే. కట్టిన ఇల్లు బాగుందో లేదో తేల్చడానికి అందులోకి చిన్న మనుషుల్ని దింపారు. వాళ్ళు సుఖంగా ఉంటే ఇంటికి మంచి మార్కులు. అంటే మూడ్ అప్పుడు మనిషికి వేసిన మార్కు కాదు, ఇంటికి వేసింది.

2000 ఫిబ్రవరిలో విడుదలైన తొలి ‘సిమ్స్’లో ఆ వాసన ఇంకా ఉంది. బొమ్మకి ఎనిమిది అవసరాలు: ఆకలి, సుఖం, శుభ్రత, టాయిలెట్, ఓపిక, వినోదం, నలుగురితో మాట, గది. ఈ ఎనిమిదీ కలిస్తే మూడ్. అక్కడ కూడా మూడ్ బాగుంటేనే ప్రమోషన్, అందులో సందేహం లేదు. కానీ అన్ని ఉద్యోగాలూ అడిగేది ఒక్కటే, బాగుండమని. డాక్టరైనా దొంగైనా తిని, పడుకుని, స్నానం చేసి, కాస్త వెలుతురున్న గదిలోంచి వస్తే చాలు. మూడ్ పడిపోతే మనం వెతికేది ఇంటినే. కుర్చీ గట్టిగా ఉందా? దీపం చాల్లేదా? రాత్రి నిద్రపోయిందా?

2009లో వచ్చిన మూడో ఆటకి అవసరాలు ఆరయ్యాయి. పోయిన రెండూ ఏమిటో చూడండి: సుఖం, గది. ఆ రెండూ అవసరాల వరసలోంచి దిగి, వచ్చిపోయే చిన్న భావాలుగా మారాయి. నాలుగో ఆటలో ఉద్యోగానికో భావం వచ్చింది. అందమైన గది ఇప్పుడు బొమ్మకి సంతోషం ఇస్తుంది, ఆ సంతోషం అప్పటికి పైచేయిగా ఉన్న మంచి భావానికి కలుస్తుంది. ఏకాగ్రత ఉంటే ఏకాగ్రతకి, ప్రేరణ ఉంటే ప్రేరణకి. సంతోషం ఇంధనమైపోయింది. పద్నాలుగేళ్ళలో ఇంటికి వేసే మార్కులు మనిషికి వేసే మార్కులయ్యాయి. నాకు ఈ ఆట మీద ఉన్న అసలు ఫిర్యాదు ఇదే.

ఇది ఆటలో మాత్రమే జరిగిన మార్పయితే ఇంత రాయక్కర్లేదు. ఆర్లీ హోచైల్డ్ 1983లోనే ‘ది మేనేజ్డ్ హార్ట్’ పుస్తకంలో విమానాల్లో పనిచేసే ఎయిర్ హోస్టెస్‌ల గురించి రాస్తూ, వాళ్ళ చేత కంపెనీ చేయించేది ట్రేలు మోసే పని మాత్రమే కాదని చూపించింది. నవ్వు కూడా పనిలో భాగమే, లోపల ఎలా ఉన్నా సరే. ఆ సంగతి ఇప్పుడు మా వీధి దాకా వచ్చింది. 2020 తర్వాత బొబ్బిలిలో మేడ మీద గదుల్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని హైదరాబాద్, బెంగళూరు ఉద్యోగాలు చేసినవాళ్ళలో నేనూ ఒకదాన్ని. పేరు అక్కర్లేని ఒక కంపెనీ రోజూ పొద్దున్నే ఐదు ముఖాల బొమ్మలు పంపేది, ఈ రోజు మీ మూడ్ ఏమిటో నొక్కమని. ఏడుపు ముఖం నొక్కితే ధ్యానం చేయమని ఒక వీడియో లింకు వచ్చేది. పని గంటలు అలాగే ఉండేవి. కరెంటు పోయి, ఫ్యాను లేక, మేడ మీద రేకుల కింద ఉడికిపోతున్న మనిషికి శ్వాస మీద ధ్యాస పెట్టమని సలహా.

అదే రోజు మెట్లు దిగి కిందికి వస్తే, అరుగు మీద కూర్చున్న పెద్దావిడ ముఖం చూసి అడిగేది: “ఏటమ్మా, అలగున్నావు? ఏటైనా తిన్నావా?” ఆవిడకి ఏ ఆటా తెలీదు. కానీ అది తొలి ‘సిమ్స్’ అడిగిన ప్రశ్నే. మనిషి వాడిపోతే ముందు కంచం వైపు, మంచం వైపు చూసే అలవాటు అది. దాన్ని పల్లెటూరి అమాయకత్వమని కొట్టిపారేయలేను. మూడ్‌కి కారణాలు చాలావరకు మనిషి బయటే ఉంటాయన్నది అందులో ఉన్న సంగతి. ‘సిమ్స్ 4’ కూడా ఇది మర్చిపోలేదు. ఏ భావం ఎందుకు వచ్చిందో చీటీ మీద రాసి మరీ చూపిస్తుంది. కారణం కనిపెట్టాక ఏం చేయాలన్న దగ్గరే దారి తప్పింది.

పని గురించి కూడా ఈ ఆటకి ఒక పొరపాటు నమ్మకం ఉంది. ప్రేరణలో ఉన్నప్పుడు గీసిన చిత్రం మేలైనదవుతుంది, మామూలుగా గీస్తే మామూలుది. మా పక్కనే గొల్లపల్లిలో బొబ్బిలి వీణ చేస్తారు. పనస దుంగని తొలిచి కుండ, దండి ఒకే చెక్కలోంచి తీస్తారు. 24 మెట్లూ మైనం మీద ఒక్కొక్కటే చెవితో విని, సరిచూసి నిలబెడతారు. ఒక వీణకి వారాలు పడుతుంది. అన్ని రోజులు ఏ మూడ్ నిలుస్తుంది? ఆ మధ్యలో ఇంట్లో జ్వరం వస్తుంది, పెళ్ళి వస్తుంది, అప్పువాడు వస్తాడు. ఉలి పట్టిన చెయ్యి అన్నిటిలోంచీ నడవాలి. వాళ్ళకి బాధల్లేవనీ, ఆ బతుకు తేలికనీ నేను అనడం లేదు. పని మూడ్ కంటే పొడుగైనదని మాత్రం అంటున్నాను. బొమ్మల లోకంలో రోజు మన గడియారం మీద దాదాపు అరగంటలో అయిపోతుంది, అందుకే అక్కడ మూడ్, పని ఒకే పొడుగున్నట్టు కనిపిస్తాయి. డీఎస్సీకి చదివే పిల్ల “మూడ్ సెట్ అయ్యాక కూకుంటాను” అన్నప్పుడు ఈ పొడుగుల తేడా గుర్తుచేయాలనిపిస్తుంది.

మరైతే ఈ ఆట ఆడొద్దా? ఆడాలి, కానీ ప్రమోషన్ కోసం కాదు. 2009లో రాబిన్ బర్కిన్‌షా అనే గేమ్ డిజైన్ విద్యార్థిని ‘సిమ్స్ 3’లో ఇల్లు లేని తండ్రీకూతుళ్ళని తయారుచేసి, పార్కు లాంటి ఒక స్థలంలో వదిలేసి, వాళ్ళకి జరిగిందంతా ‘ఆలిస్ అండ్ కెవ్’ పేరుతో బొమ్మలతో సహా రాసింది. కెవ్ ముక్కోపి. ఆలిస్‌ది మంచి మనసు. దొరికిన చోట పడుకుంటుంది, అలసిపోయే బడికి వెళ్తుంది. మూడ్ లెక్కన చూస్తే ఆ పిల్ల దాదాపు ఎప్పుడూ ఓడిపోతూనే ఉంటుంది. చిన్న ఉద్యోగం దొరికి డబ్బు చేతికొచ్చాక ఆలిస్‌కి పుట్టిన కోరిక, దాన్ని దానంగా ఇచ్చేయాలని. రాబిన్ ఆ కోరిక తీర్చింది. అంకెల ప్రకారం అంతకంటే తెలివితక్కువ ఎత్తు ఉండదు. ఆ ఆట గురించి చాలామందికి గుర్తుండిపోయింది మాత్రం అదే.

రాబిన్ ఆలిస్ మూడ్‌ని నిర్వహించలేదు, కనిపెట్టుకుని ఉంది. ‘సిమ్స్ 4’లో కూడా అలా ఆడొచ్చు. బొమ్మ ఏడుస్తుంటే గోడకి చిత్రాలు తగిలించకుండా ఒక రోజు డ్యూటీకి సెలవు పెట్టించి, సమాధి దగ్గరికి పంపించొచ్చు. పనితీరు గీత కొంచెం తగ్గితే తగ్గుతుంది. ఆ ఇంట్లో ఒక మనిషి పోయాడన్న సంగతి ఆటలో ఒక రోజైనా నిలుస్తుంది.