వంతు దాటిన క్వెరీ

నెలాఖరు రోజు సాయంత్రం 6 గంటలకు ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. బిల్లింగ్ స్క్రీన్లు తెరుచుకోవట్లేదు. మా దగ్గర బిల్లింగ్‌కీ, రిపోర్టులకీ సర్వర్ ఒకటే. పోస్ట్‌గ్రెస్‌లో పీజీ_స్టాట్_యాక్టివిటీ చూస్తే 40 నిమిషాలుగా నడుస్తున్న క్వెరీ ఒకటి కనిపించింది. రిపోర్టుల టీములో కొత్తగా చేరిన అమ్మాయి రాసింది. రెండు టేబుళ్లను జాయిన్ చేసి, కండిషన్ పెట్టడం మరిచిపోయింది. ఒకదాంట్లో 10 లక్షల వరుసలు, ఇంకోదాంట్లో 5 లక్షలు. ప్రతిదాన్నీ ప్రతిదానితో జత కడితే 50 వేల కోట్లు! వాటిని సార్ట్ చేయడానికి మెమరీ చాలక సర్వర్ డిస్కు నింపేస్తోంది.

"విండో ఎప్పుడో మూసేశాను సార్" అంది, ఏడుపు గొంతుతో. నిజమే చెప్పింది. విండో మూస్తే క్వెరీ ఆగాలని లేదు. ఫలితం పంపబోయేదాకా అవతల మనిషి లేడని సర్వర్‌కు తెలియదు. మధ్యమధ్యలో చూసుకునే సెట్టింగు 2021లో, 14వ వెర్షన్‌తో వచ్చింది. అదీ మనం ఆన్ చేస్తేనే.

పీజీ_క్యాన్సెల్_బ్యాకెండ్‌తో ఆపాను. కిల్ మైనస్ 9 కొట్టెయ్యమని పక్కనుంచి ఎవరో అన్నారు. ఆ పని మాత్రం ఎన్నడూ చెయ్యకండి. అలా ఒక్క ప్రాసెస్‌ను చంపితే పోస్ట్‌గ్రెస్ అందరి కనెక్షన్లూ తెంచేసి రికవరీలోకి వెళ్తుంది.

ఆ అమ్మాయి మీద మెయిల్ పెట్టమన్నారు. నేను పెట్టలేదు. క్వెరీ ఎంతసేపు నడవొచ్చో చెప్పే స్టేట్‌మెంట్_టైమౌట్ డిఫాల్ట్ విలువ 0, అంటే హద్దే లేదు. దాన్ని మార్చాల్సినవాణ్ణి నేను, మార్చలేదు. మా ఊరి చెరువు కింద పొలాలకు నీళ్లు పంచే నీరటి ఉండేవాడు. ఎంతటి రైతుదైనా సరే, వంతు కాగానే మడవ కట్టేసేవాడు. చివరి మడి దాకా నీళ్లు అందాయంటే అందుకే.

ఆ రాత్రే రిపోర్టుల యూజర్‌కు 2 నిమిషాల హద్దు పెట్టాను, డిస్కు నిండిపోకుండా టెంప్_ఫైల్_లిమిట్ కూడా. బిల్లింగ్‌కు 15 సెకన్లు చాలు. రాత్రి జాబులకు వేరే లెక్క, అందరికీ ఒకే హద్దు పెడితే అవి తెల్లారేసరికి సగంలో ఆగి ఉంటాయి. మైఎస్‌క్యూఎల్ వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి: అక్కడి మ్యాక్స్_ఎగ్జిక్యూషన్_టైమ్ సెలెక్ట్ క్వెరీలకే పనిచేస్తుంది, లెక్క మిల్లీసెకన్లలో. 30 సెకన్లనుకుని 30 అని రాస్తే చిన్న క్వెరీలు కూడా తెగిపోతాయి.

రేపు ఆఫీసుకు వెళ్లగానే రిపోర్టుల యూజర్‌తో లాగినై, షో స్టేట్‌మెంట్_టైమౌట్ అని కొట్టి చూడండి. 0 అని వస్తే నెలాఖరు దాకా ఆగొద్దు.