వ్యస్తాక్షరి చెప్పిన ఆవర్తన పట్టిక

గద్వాల కోటలో ఇప్పుడు డిగ్రీ కాలేజీ నడుస్తోంది. మహారాణి ఆదిలక్ష్మి దేవమ్మ పేరు మీద ఉన్న ఆ కాలేజీ గోడల మధ్యనే ఒకప్పుడు సంస్థానం కొలువుండేది. ఏటా విద్వత్సభలు జరిపి పండితులను సన్మానించే ఊరు కాబట్టి దీన్ని విద్వద్గద్వాల అన్నారు. తిరుపతి వేంకట కవులు గద్వాల, ఆత్మకూరు, వనపర్తి సంస్థానాలకు వచ్చి అవధాన విద్య చూపించి వెళ్లారు. నాగర్‌కర్నూల్ వైపు జటప్రోలు సంస్థానమూ కవులను పోషించిందే.

ఆ అవధాన విద్య మొన్న నాకు అక్కరకొచ్చింది. మా పక్కింటి పదో తరగతి పిల్ల పుస్తకం పట్టుకుని వచ్చింది. "పెదనాయనా, నూట పద్దెనిమిది మూలకాలు ఎట్ల యాదికుంటయి? పొద్దుగాల చదివింది మాపటికి పోతున్నది" అని అడిగింది. హైడ్రోజన్, హీలియం, లిథియం అని గుక్క తిప్పుకోకుండా ఇరవై దాకా చెప్పింది. "పదిహేడోది ఏంది బిడ్డా?" అన్నాను. మళ్లీ హైడ్రోజన్ నుంచి మొదలుపెట్టింది.

లోపం అక్కడే ఉంది. తను దండ గుచ్చింది గానీ పూసల చోట్లు తెలుసుకోలేదు. అవధాని ధారణ అలా ఉండదు.

అష్టావధానంలో వ్యస్తాక్షరి అనే అంశం ఉంటుంది. ఒక వాక్యంలోని అక్షరాలను పృచ్ఛకుడు వరస తప్పించి, ఒక్కోసారి ఒక్కోటి అందిస్తాడు. వాక్యం "జోగులాంబ గద్వాల" అనుకుందాం. మొదట "ఏడో అక్షరం ల" అని చీటీ వస్తుంది. అవధాని ఈలోగా సమస్య పూరించాలి, దత్తపదికి ఒక పాదం చెప్పాలి, అప్రస్తుత ప్రసంగికి జవాబివ్వాలి, మోగిన గంటలు లెక్కపెట్టాలి. ఇంకోసారి "రెండు, గు". మరోసారి "ఆరు, ద్వా". అసలు వాక్యాలు ఇంతకంటే చాలా పొడుగుంటాయి. అవధాని మనసులో ముందే గళ్లు గీసుకుని, వచ్చిన అక్షరాన్ని దాని గడిలో పెడతాడు. మిగతావి ఖాళీగా ఉన్నా తొందర లేదు. సభ చివర వాక్యమంతా వరసగా ఒప్పజెబుతాడు. అక్షరాన్ని కాపాడేది దాని చోటే.

1869లో మెండలీవ్ చేసింది ఇలాంటి పనే. అప్పటికి తెలిసిన అరవై పైచిలుకు మూలకాలను పేర్చి, అక్షరం రాని గళ్లను ఖాళీగా వదిలాడు. అల్యూమినియం కింది ఖాళీకి ఏక-అల్యూమినియం, సిలికాన్ కింది ఖాళీకి ఏక-సిలికాన్ అని పేర్లు పెట్టాడు. ఆ 'ఏక' మన సంస్కృతం ఏకమే. 1875లో గాలియం, 1879లో స్కాండియం, 1886లో జెర్మేనియం దొరికి ఆయన ఖాళీగా వదిలిన గళ్లలో కూర్చున్నాయి. ఈ మాట చెప్పకుండా పట్టికను బట్టీ వేయించడం పిల్లలకు చేసే అన్యాయమని నా గట్టి నమ్మకం.

మన ఛందస్సులోనూ మంచి పాఠం ఉంది. "యమాతారాజభానసలగం" అన్న పది అక్షరాల్లో ఎనిమిది గణాలూ ఉన్నాయి. య గణం కావాలంటే య దగ్గర మొదలుపెట్టి మూడు అక్షరాలు తీసుకోవాలి: యమాతా, అంటే లఘువు, గురువు, గురువు. ర గణానికి రాజభా: గురువు, లఘువు, గురువు. గణం పేరూ గణం నడకా ఒకే చోట దొరుకుతాయి. గుర్తు పెట్టుకునే సూత్రం ఇలా ఉండాలి. మొదటి అక్షరాలు కలిపి కట్టే సినిమా డైలాగుల్లాంటి వాక్యాలు పేర్లు గుర్తుచేస్తాయి గానీ, ఆ మూలకాలు ఒకే వరసలో ఎందుకున్నాయో చెప్పలేవు.

పట్టికకూ అలాంటి సూత్రం ఉంది: 2, 10, 18, 36, 54, 86, 118. ఇవి జడవాయువుల పరమాణు సంఖ్యలు, ఒక్కో వరసకు గట్టురాళ్లు. వీటి మధ్య దూరాలు 8, 8, 18, 18, 32, 32. ఈ ఏడు అంకెలూ నోటికి వస్తే చాలా దూరం వెళ్లొచ్చు. గట్టురాయికి ఒక్క అడుగు ముందున్నవి 9, 17, 35, 53. అంటే ఫ్లోరిన్, క్లోరిన్, బ్రోమిన్, అయోడిన్. ఒక్క అడుగు దాటితే 3, 11, 19: లిథియం, సోడియం, పొటాషియం. పదిహేడు ఏదని అడిగితే ఇక హైడ్రోజన్ దాకా పరుగెత్తనక్కర్లేదు.

సంకేతాలకు మాత్రం బట్టీ తప్పదు. సోడియానికి ఎన్‌ఏ, ఇనుముకు ఎఫ్‌ఈ లాటిన్ పేర్ల నుంచి వచ్చాయి. అలాంటివి పది దాకా ఉంటాయి, వాటిని రోజూ చూసుకోవాలి. అన్నీ ఒకే రాత్రి కూర్చుని చదివితే నిలవవు. ఇవాళ, రేపు, నాలుగు రోజులకు, వారానికి పుస్తకం మూసి ఒప్పజెప్పుకోవాలి. నూట పద్దెనిమిదీ అందరికీ అవసరమనీ నేననను. మొదటి ముప్ఫై ఆరూ చోట్లతో సహా వస్తే, పదో తరగతి పిల్లకు మిగతావి పట్టికలో వెతుక్కునే దారి దొరికినట్టే.

ఆ పిల్లకు వాళ్లమ్మ గద్వాల చీర అంచు చూపించాను. అసలైన జరీలో వెండి తీగ మీద బంగారు పూత ఉంటుంది, చాలా జరీల్లో రాగీ ఉంటుంది. "రాగి ఇరవై తొమ్మిది, వెండి నలభై ఏడు, బంగారం డెబ్భై తొమ్మిది. గట్టురాళ్ల నుంచి తీసెయ్" అన్నాను. ముప్ఫై ఆరులోంచి ఇరవై తొమ్మిది పోతే ఏడు. యాభై నాలుగులోంచి నలభై ఏడు పోతే ఏడు. ఎనభై ఆరులోంచి డెబ్భై తొమ్మిది పోయినా ఏడే. "మూడూ ఒక్క గ్రూపే, ఒక్క నిలువు వరసేనా!" అని అంచు మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది.

తర్వాత నోట్‌బుక్‌లో ఫ్రాన్సియం కింద ఒక గడి గీసి, ఇంకా ఎవరూ కనిపెట్టని నూట పంతొమ్మిదిని అందులో అంకెగా వేసి, పేరు రాసే చోటు ఖాళీగా వదిలిపెట్టింది.