“ఫార్మాల్డిహైడు లేదు”: ఒక చీటీపై విమర్శ

ఉంగరాల జుట్టును సాపుచేసే “బ్రెజిలియన్ బ్లోఅవుట్” అను మందు సీసా చీటీపై ఒకప్పుడు “ఫార్మాల్డిహైడు లేదు” అను మాట అచ్చుపడియుండెడిది. చిన్న మాటయే. కాని రసాయనశాస్త్రము చెప్పువారు తరగతిలో విప్పి చూపదగినది.

2010లో అమెరికాలోని పోర్ట్‌లండు నగరమున ఈ మందు వాడిన కేశాలంకరణశాల పనివారికి కండ్లు మండినవి, ముక్కునుండి రక్తము కారినది, ఊపిరి ఆడుట కష్టమైనది. ఆరెగన్ రాష్ట్రపు కార్మికరక్షణ శాఖ మందును పరీక్షింపగా అందు సగటున 8 శాతమునకు మించి ఫార్మాల్డిహైడు తేలినది. బడి ప్రయోగశాలలో కప్పలను నిలువయుంచే పలుచని ఫార్మలిన్‌లో ఉండేది సుమారు 4 శాతమే!

సీసాలోనిది ఫార్మాల్డిహైడు కాదు, మిథిలీన్ గ్లైకాల్ అని తయారీదారుల వాదము. దీనిని ఒక్కమాటతో త్రోసివేయుట న్యాయము కాదు. ఫార్మాల్డిహైడు వాయువు నీటిలో కరిగినపుడు దాని అణువు ఒక నీటి అణువును కలుపుకొని మిథిలీన్ గ్లైకాల్‌గా మారును. మూతపెట్టిన చల్లని సీసాలో విడిగా మిగిలే ఫార్మాల్డిహైడు బహుస్వల్పము. ఇంతవరకు వారి మాట నిజమే.

ఐతే ఇది ద్విగత చర్య. సమీకరణములో బాణములు రెండు. వాదములో కనబడేది ఒక్కటే. మందు సీసాలో ఉండుటకు కొన్నది కాదు గదా! దానిని జుట్టుకు పట్టించి, వేడిగాలితో ఆరబెట్టి, 200 డిగ్రీల సెంటిగ్రేడుకు మించి కాగిన పటకారుతో నొక్కుదురు. నీరు పోవును, వాయువు తిరిగి వెలువడును. 2011లో అమెరికా కేంద్ర కార్మికరక్షణ శాఖ ఒక శాలలో జుట్టు ఆరబెట్టు వేళ కొలువగా, పదిలక్షల పాళ్ల గాలిలో 10.12 పాళ్లు ఈ వాయువు ఉన్నది. పదునైదు నిమిషములకు చట్టము ఒప్పినది 2 పాళ్లే. ఈ పదార్థము కాన్సరు కలిగించునని అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ 2004లోనే నిర్ణయించియున్నది.

జుట్టు సాపుచేయించుకొను ఆమె కొన్ని నెలలకొకసారి వచ్చి పోవును. పటకారు పట్టిన మనిషి దినదినమూ ఆ ఆవిరిలోనే నిలుచును. చీటీ నమ్మినందున ఆమె కిటికీ తెరువదు, చేతితొడుగు వెదకదు. అందుచేత ఈ “లేదు” ఉత్త ప్రకటనల అతిశయోక్తి కాదు. జాగ్రత్తపడే అవకాశమునే తీసివేసినది.

2012లో కాలిఫోర్నియా ప్రభుత్వముతో చేసికొన్న ఒప్పందము ప్రకారము ఆ మాట మాని, హెచ్చరిక అంటించుటకు కంపెనీ అంగీకరించినది. మందును మార్చవలెనను షరతు అందులో లేదు.