ముస్తఫా ఎప్పుడొస్తాడు?

కనుమ నాడు భోజనాలయ్యాక కల్యాణసింగ్‌పూర్‌లో మా ఇంటి అరుగు మీద ఏటా ఒక పని జరుగుతుంది. నేనూ, మా మేనత్త కొడుకూ అయిపోయిన క్యాలెండరులోంచి డిసెంబరు కాగితం చింపి, వెనకవైపు మూడు గళ్లు గీస్తాం. 'వస్తాది', 'రావచ్చు', 'రాదు' అని పేర్లు పెడతాం. వాటి కింద పాత వీడియో గేముల పేర్లు రాస్తాం. ఈ ఏడాది ఏ కంపెనీ తన పాత ఆటల్లో దేన్ని దుమ్ము దులిపి డిజిటల్ స్టోర్లలో మళ్లీ అమ్మకానికి పెడుతుందో మా అంచనా. రాసేముందు పోయినేటి కాగితం తీసి, ఎన్ని నిజమయ్యాయో చూసుకుంటాం. డబ్బు పందెం లేదు. తప్పిన ప్రతి పేరు పక్కనా ఎందుకు తప్పామో ఒక్క ముక్కలో రాయాలి, అదొక్కటే నియమం.

"ఏటి బావా, ఈ ఏడాదీ ముస్తఫాయేనా?"

"రాయి."

"'రాదు'లో రాసీనా?"

"కాదు. 'రావచ్చు'లో."

మా బామ్మర్ది నా మొహం కేసి ఒకసారి చూసి, అలాగే రాశాడు. మొదటి కాగితం నుంచీ ఆ పేరు ఆ గడి దాటి కదల్లేదు.

ఆ మొదటి కాగితం 2018 సంక్రాంతిది. అంతకు ముందు జులైలో నాగావళి, కల్యాణి నదులు ఒక్కసారిగా పొంగాయి. తెరువలి దగ్గర రైలు వంతెన కొట్టుకుపోయింది. మా పెరటి గదిలోకి నీళ్లొచ్చి, అటక మీదికి ఎక్కించనివన్నీ బురదలో కలిశాయి. అందులో ఒక బిస్కెట్ల రేకు డబ్బా ఉంది. మా చిన్నప్పటి వీడియో గేమ్ క్యాసెట్లు దానిలోనే ఉండేవి. ధాన్యం తడిసింది, పుస్తకాలు తడిశాయి, ఇంట్లో పెద్దవాళ్లు వాటికోసం బాధపడ్డారు. మేమిద్దరం నలభై దాటినవాళ్లం, రేకు డబ్బా కోసం బాధపడుతున్నామని ఎవరితో చెప్పుకుంటాం? ఆ సంక్రాంతికి కాగితం తీసి, పోయిన ఆటల్లో వేటిని మళ్లీ కొనుక్కోగలమో రాయడం మొదలుపెట్టాం.

మా ఊరు నియమగిరి కొండల కింద ఉంటుంది. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, సంతలో కువి. 1936లో ఒడిశా ఏర్పడేదాకా ఇదంతా విశాఖపట్నం ఏజెన్సీయే. మాకు కొత్త వస్తువు ఏదొచ్చినా విశాఖ నుంచో పార్వతీపురం నుంచో రాయగడ దాకా రైల్లో వచ్చి, అక్కడ బస్సెక్కేది. టీవీ గేమ్ పెట్టె కూడా అలాగే వచ్చింది. నింటెండో ఫ్యామికామ్ నమూనాలో చేసిన పెట్టెలు అవి. మన దేశంలో సమురాయ్, మీడియా లాంటి పేర్లతో అమ్మేవారు. మా పెట్టె మీద మాత్రం ఏ పేరూ లేదు. పసుపు రంగు క్యాసెట్టు మీద '9999 ఇన్ 1' అని ఉండేది, లోపల చూస్తే అవే పదో పన్నెండో ఆటలు వేర్వేరు పేర్లతో తిరిగి తిరిగి వచ్చేవి. ఆట రాకపోతే క్యాసెట్టు తీసి, అడుగున ఉన్న పిన్నుల మీద ఊది మళ్లీ పెట్టేవాళ్లం. అలా ఊదడంవల్ల పని జరగదని, తీసి పెట్టడంతో పిన్నులు సరిగ్గా తగిలి ఆట వచ్చేదని, ఊపిరి తడికి పిన్నులు తుప్పు పట్టేవని పెద్దయ్యాక తెలిసింది. అంటే ఆ డబ్బాను వరద ముంచడానికి ఎంతో ముందే మేం కొంచెం కొంచెంగా పాడుచేశాం.

మారియో, కాంట్రా, ఎక్సైట్‌బైక్, ఐస్ క్లైంబర్, ట్యాంకుల ఆట. ట్యాంకుల ఆట అసలు పేరు 'బ్యాటిల్ సిటీ' అని, 1985లో నామ్కో చేసిందని నాకు ముప్పై ఏళ్లు నిండాక గాని తెలియదు. ఇటుక గోడల మధ్య గద్ద బొమ్మను కాపాడుకోవడమే మాకు తెలుసు.

ముస్తఫా ఆ డబ్బాలోవాడు కాడు. అతను పార్లర్‌వాడు. మజ్జిగౌరమ్మ దర్శనానికి రాయగడ వెళ్లినప్పుడల్లా, తిరుగు బస్సుకు గంట ముందే మేం బస్టాండు దగ్గరున్న పార్లర్లో దూరేవాళ్లం. రూపాయికి ఒక కాయిన్. 1993లో క్యాప్‌కామ్ చేసిన ఆ ఆట పేరు 'క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్'. జాక్, హన్నా, ముస్తఫా, మెస్ అని నలుగురు వీరులు. ముగ్గురు పక్కపక్కన నిలబడి ఆడవచ్చు. గూండాలను తన్నాలి, డైనోసార్లను తప్పించుకోవాలి, ఒకచోట కారెక్కి అందరినీ గుద్దుకుంటూ పోవాలి. నలుగురిలో చురుకైనవాడు పసుపు టోపీ ముస్తఫా. ఆట అసలు పేరు పొడుగు, అది ఎవరి నోటా తిరగలేదు. దేశంలో ఎక్కడ చూసినా అది 'ముస్తఫా గేమ్'. 1996లో 'ప్రేమదేశం' సినిమాలో ఆ పేరుతోనే రెహమాన్ పాట వచ్చాక తెలుగు పిల్లల నోట ఆ పేరు మరీ నానింది.

ఇక అంచనా వేసే పద్ధతి. మొదట్లో ముస్తఫా తప్ప మాకు ఇష్టమైన ఆటలన్నీ 'వస్తాది'లో రాసేశాం, చాలావరకు తప్పాయి. అప్పుడు మా నాన్నగారి మాట గుర్తొచ్చింది. ఆయన ఊళ్లో దస్తావేజులు రాసేవారు. ఏ పొలం అమ్ముడవుతుందో చెప్పాలంటే పొలం కేసి చూడకూడదు, పట్టా కేసి చూడాలి అనేవారు. ఆటలకూ అంతే. ఒక్కడి పేరు మీదున్న ఆట వాడికి ఎప్పుడు మనసైతే అప్పుడు వస్తుంది. మారియో, ఎక్సైట్‌బైక్, ఐస్ క్లైంబర్ మూడూ నింటెండో సొంతం. 2018 సెప్టెంబరులో స్విచ్ ఆన్‌లైన్ సర్వీసు మొదలైన రోజునే మూడూ వచ్చేశాయి. కాంట్రా కోనామీది. 1969లో పెట్టిన కంపెనీ, 2019కి యాభై నిండుతాయి, ఊరికే ఉండదని ఆ ఏడాది 'వస్తాది'లో రాశాం. జూన్‌లో కాంట్రా సంకలనం వచ్చింది. నేను ఫోన్ చేసేలోపే బామ్మర్ది విశాఖ నుంచి ఫోన్ చేసి అరిచాడు.

ఈ పుట్టినరోజుల లెక్క తెలుగువాళ్లకు ఒకరు నేర్పక్కర్లేదు. మహేష్‌బాబు పుట్టినరోజని 2022 ఆగస్టు 9న 'పోకిరి' థియేటర్లకు తిరిగొచ్చింది. ఆ డిసెంబరు 31న 'ఖుషి' వచ్చింది. రీ-రిలీజ్ అన్నమాట మనకు ఇంటి మాటైపోయింది. సెన్సారు సర్టిఫికెట్ చూసి విడుదల దగ్గరపడిందని చెప్పగలిగినట్టే, కొరియా, ఆస్ట్రేలియా రేటింగ్ బోర్డుల జాబితాల్లో పాత ఆట పేరు కొత్తగా కనబడితే సరకు బయల్దేరిందని అర్థం. కొత్త భాగం తయారవుతోందంటే దాని వెనకే పాతదీ వస్తుంది. 2022 జూన్‌లో నింజా తాబేళ్ల కొత్త ఆట వచ్చింది, ఆగస్టులో పాత ఆటలు పదమూడు ఒకే మూటగా వచ్చాయి.

పాటలున్న ఆట దగ్గర చెయ్యి కాల్తుంది. కంప్యూటర్ సెంటర్లలో మన కుర్రాళ్లు కీబోర్డులు అరగదీసిన 'రోడ్ రాష్'లో సౌండ్‌గార్డెన్ లాంటి అసలు బ్యాండ్ల పాటలున్నాయి. ఆ పాటలకు మళ్లీ ఒప్పందాలు రాసుకుంటే తప్ప అది కదలదు. 'వైస్ సిటీ' తిరిగొచ్చినప్పుడు కొన్ని పాటలు పోగొట్టుకునే వచ్చింది. పాట పోయిన ఆటను 'వచ్చింది' కింద లెక్కపెట్టాలా వద్దా అన్నదాని మీద మా ఇద్దరికీ ఇప్పటికీ తగువే. వద్దనే నేనంటాను. రాత్రి పూట ఆటలో కారెక్కి ఏ పాట వింటూ తిరిగామో అదే కదా ఆ ఆట.

అసలు కాగితాలే ఎవరి దగ్గరున్నాయో తేలని ఆటలూ ఉన్నాయి. 'సిస్టమ్ షాక్ 2' చేసిన లుకింగ్ గ్లాస్ స్టూడియో 2000లో మూతపడితే ఆ హక్కులు ఒక ఇన్సూరెన్స్ కంపెనీ చేతికి పోయాయి. పన్నెండేళ్ల తర్వాత స్టీఫెన్ కిక్ అనే కుర్రాడు మధ్య అమెరికా దేశాల్లో తిరుగుతూ ఆ ఆట ఆడుకుందామని చూస్తే ఎక్కడా అమ్మకానికి లేదు. హక్కులెవరివని ఆరా తీసి, ఆ ఇన్సూరెన్స్ వాళ్లకే రాసి, ఒప్పించి, 2013 ఫిబ్రవరిలో దాన్ని గాగ్ అనే స్టోర్లో పెట్టించాడు. ఆ పనికోసం పెట్టిన నైట్‌డైవ్ కంపెనీ ఇవాళ పాత ఆటలు బతికించడమే వృత్తిగా నడుస్తోంది. ఈ కథ నేను మా ఇంట్లో అందరికీ చెప్పాను, కొందరికి రెండుసార్లు. ఇలా వెతికేవాడు దొరకని ఆటలే ఎక్కువ. అమెరికాలో 2010కి ముందు విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు కొందామన్నా దొరకవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తేల్చింది.

మరి ముస్తఫా పట్టా? అది ఉమ్మడి ఆస్తి. ఆటను చేసింది క్యాప్‌కామ్. జాక్, హన్నా, ముస్తఫా మాత్రం మార్క్ షుల్ట్జ్ అనే బొమ్మల కథల రచయిత మనుషులు. 1987లో మొదలైన ఆయన 'జెనోజోయిక్ టేల్స్'లోంచి వచ్చారు. పేరులోని క్యాడిలాక్ జనరల్ మోటార్స్ వారి బ్రాండు. వాటాదారులందరూ ఒకే గదిలో కూర్చుని సంతకాలు పెట్టాలి. అన్నదమ్ముల పొలమే అలా అమ్ముడవడం కష్టమైతే, సముద్రాలకు అటూ ఇటూ ఉన్నవాళ్ల మాట చెప్పేదేముంది! 2018లో క్యాప్‌కామ్ అలాంటి తన్నులాట ఆటలు ఏడింటిని కలిపి అమ్మకానికి పెట్టింది. 'ఫైనల్ ఫైట్' ఉంది, 'కెప్టెన్ కమాండో' ఉంది. ముస్తఫా లేడు. ఆ ఆట ఇప్పటిదాకా ఒక్క ఇంటి కన్సోల్ మీదికీ రాలేదు. మా కాగితం మీద ఆ ఏడాది ముస్తఫా పేరు పక్కన నేను రాసినమాట: సంతకాలు.

అయినా నేను 'రాదు'లోకి ఎందుకు మార్చనంటే, అసాధ్యమనుకున్నవి కళ్ల ముందే జరిగాయి కాబట్టి. 1997 నాటి 'గోల్డెన్ ఐ' ఆటకు నింటెండో, మైక్రోసాఫ్ట్, జేమ్స్ బాండ్ సినిమాల వాళ్లు కలిసి ఒప్పుకోవాలి. ఏళ్ల తరబడి కుదరనిది 2023 జనవరిలో కుదిరింది. 'పనిషర్' మరీ దగ్గరి చుట్టం. ముస్తఫా పుట్టిన 1993లోనే, అదే క్యాప్‌కామ్ చేతిలో, అలాంటి ఆటగానే వచ్చింది, దాని వీరుడూ అతనిలాగే బొమ్మల కథలోంచి దిగినవాడే. మార్వెల్ హక్కుల మూలంగా 2018 మూటలో అదీ లేదు. 2024 సెప్టెంబరులో మార్వెల్ ఆటల సంకలనంలో వచ్చేసింది. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అన్న వచ్చాడు, తమ్ముడు దారిలో ఉండకపోడు అనిపించింది.

"ఫోన్లో దింపుకుంటే పోద్ది కదా బావా" అంటాడు బామ్మర్ది. నిజమే. పార్లర్ ఆటలను కంప్యూటర్ మీద ఆడించే మేమ్ అనే ప్రోగ్రామ్ 1997 నుంచీ ఉంది. ముస్తఫా ఆట నేనూ అలా ఆడాను, చివరి దాకా గెలిచాను. ఆడటానికి దొరకదన్నది నా బాధ కాదు. మా రాయగడ పార్లర్లో మేం వేసిన రూపాయల్లో ఒక్కటి కూడా జపాన్ చేరి ఉండదు. మా పసుపు క్యాసెట్టు సొమ్ములో ఒక్క పైసా నింటెండో పుస్తకాల్లో పడలేదు. అంచేత ఏ ఆటను ఏ దేశంలో ఎంతమంది ప్రేమించారో కంపెనీలు లెక్క తీసినప్పుడు, ఆ లెక్కలో రాయగడ లేదు, పార్వతీపురం లేదు, విజయనగరం లేదు. 'పోకిరి' టిక్కెట్లు తెగాయి కాబట్టి 'ఖుషి' వచ్చింది. మేం తెంపిన టిక్కెట్టు ఏది? బడి ఎగ్గొట్టి, దెబ్బలు తిని, చెప్పులు పోగొట్టుకుని ఆడిన పిల్లలు ఇంతమంది ఉన్నారని వాళ్లకు తెలియనే తెలియదు. ముస్తఫా అమ్మకానికి వస్తే మొదటి రోజే డబ్బు కట్టి కొనాలి. రసీదు మీద నా పేరుండాలి. 2025 జనవరిలో గాగ్ వాళ్లు డ్రీమ్‌లిస్ట్ అని పెట్టి, ఏ పాత ఆటలు కావాలో ఓటెయ్యమన్నారు. అరుగు మీద కూర్చునే 'రోడ్ రాష్'కు వేశాను. సిగ్నల్ రెండుసార్లు పోయింది. మూడోసారికి ఓటు పడింది.

ఈ సంక్రాంతికి కాగితం మడవబోతుంటే మా అన్నయ్య కొడుకు వచ్చి పక్కన కూర్చున్నాడు. రాయగడలో ప్లస్ టూ అయ్యింది వాడికి. మా జాబితా పైనుంచి కిందికి చదివి, "చిన్నాన్నా, నాదొకటి రాయనా?" అన్నాడు. పెన్ను ఇచ్చాను. 'పబ్జీ మొబైల్ లైట్' అని రాశాడు. తక్కువ మెమరీ ఉన్న చవక ఫోన్లలో ఆడే ఆట అది. 2020 సెప్టెంబరు 2న ప్రభుత్వం నిషేధించిన యాప్‌లలో అదీ పోయింది. తర్వాత ఏడాది దాని పెద్దన్న వేరే పేరుతో దేశంలోకి తిరిగొచ్చాడు. లైట్ రాలేదు. అప్పట్లో వీడి చేతిలో ఉన్న ఫోను పెద్దదాన్ని మోయలేకపోయింది.

పట్టా సంగతి చెబుదామని నోరు తెరిచాను. మా క్యాసెట్టు బురదలో పోయినా ఆట ఎక్కడో ఒక బోర్డు మీద, ఒక చిప్పులో ఉంది. వీడి ఆట మొత్తం ఎవరిదో సర్వర్లో నడిచింది. అది ఆపేస్తే ఊదడానికి పిన్నులు కూడా ఉండవు. వాడికి ఆ సంగతి నాకంటే బాగా తెలుసు. తెలిసే రాశాడు.

"ఏ గళ్లో రాసేవురా?" అన్నాడు బామ్మర్ది, కాగితం తనవైపు తిప్పుకుంటూ.

'రావచ్చు'లో, ముస్తఫా కింద రాశాడు. బామ్మర్ది కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బీరువాలో పెట్టొచ్చాడు.