ఆహార్యం, సాయంత్రం ఆరింటికి

కూచిపూడి నేర్పే ఏ ఇంటి ముందైనా సాయంత్రం ఆరింటికి నిలబడి చూడండి. లోపల తాళం కర్ర మోగుతుంటుంది, పిల్లలు అడుగులు వేస్తుంటారు. బయట మెట్ల మీద, విడిచిన చెప్పుల పక్కన, తల్లులు గంటన్నర సేపు ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటారు. వార్షికోత్సవం దగ్గర పడేసరికి కంగారంతా ఆ తల్లులదే. డ్రెస్సు అద్దెకి దొరుకుతుందా, దొరికినా నడుముకి సరిపోతుందా, వడ్డాణం మధ్యలో ఊడితే ఎలా? విజయవాడలో, గుంటూరులో, హైదరాబాదు కాలనీల్లో అక్కడక్కడా కొందరు గురువులూ దర్జీలూ ఈ కంగారుకి తేలికైన మందు కనిపెట్టారు. పక్కగదిలో రెండు కుట్టుమిషన్లు, ఒక చాప, పూసల డబ్బాలు పెడతారు. పిల్లలు నాట్యం నేర్చుకునే వేళకే తల్లులు నగ గుచ్చడం, డ్రెస్సు కుట్టడం నేర్చుకుంటారు. ఒక జట్టులో ఐదారుగురికి మించి ఉండరు.

నగలూ కుట్టూ ఒకేచోట నేర్పడం కొత్తవాళ్ళకి వింతగానే ఉంటుంది. ఊళ్ళో దర్జీ దుకాణం ఒక వీధిలో, కంసాలి కొట్టు ఇంకో వీధిలో కదా. వేదిక మీద మాత్రం రెంటినీ విడదీయలేం. వడ్డాణం జారకుండా నిలవడం నడుం పట్టీ కుట్టిన తీరు మీద ఆధారపడుతుంది. పొడుగాటి హారం గిరకీలో ఎగిరి మొహానికి కొట్టకుండా ఆపేది జాకెట్టు మీద దారంతో వేసిన చిన్న కొక్కెం. నాట్యశాస్త్రం కూడా వీటిని కలిపే చూసింది. ఆంగికం, వాచికం, సాత్త్వికాలతో పాటు వేషమూ నగలూ కలిసిన ఆహార్యాన్నీ అభినయంలో ఒక పాలుగా లెక్కపెట్టింది.

నాట్యశాస్త్రం నగలను ధరించే పద్ధతిని బట్టి నాలుగుగా విడగొడుతుంది. చెవికి కుట్టించి పెట్టుకునేవి ఆవేధ్యాలు, నడుముకీ దండకీ కట్టుకునేవి బంధనీయాలు, కాళ్ళకి తొడుక్కునేవి ప్రక్షేప్యాలు, మెడలో వేసుకునేవి ఆరోప్యాలు. పేర్లు గుర్తుంచుకోకపోయినా నష్టం లేదు. ఆ తరవాత చెప్పిన మాట మాత్రం ప్రతి తల్లీ వినాలి. బరువైన నగలతో నటులు అలిసిపోతారు కాబట్టి రంగస్థలానికి లక్క నింపిన తేలిక నగలే వాడమంటుంది శాస్త్రం. బంగారం కొనలేక గిల్టు పెట్టుకున్నామని నొచ్చుకునేవాళ్ళకి ఇంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. పెళ్ళినగని పక్కన కూర్చుని చూస్తారు, ఇంచుమించు కదలని మనిషి మీద చూస్తారు. నాట్యం నగని పదో వరస నుంచి, ఎగిరి దిగుతున్న మనిషి మీద చూస్తారు. రెంటికీ తూకం వేరు, పనితనం వేరు.

తెలుగు వేదిక ఈ సంగతిని తన పద్ధతిలో ఎప్పుడో పట్టుకుంది. కూచిపూడి భాగవతులు ఆడవేషానికి బూరుగు కర్ర లాంటి తేలిక చెక్కతో నగలు చేయించుకునేవారు. తెలంగాణ చిందు యక్షగానంలో కిరీటాలూ భుజకీర్తులూ చెక్కతో, అద్దపు బిళ్ళలతో తళతళలాడతాయి. 2024లో పద్మశ్రీ అందుకున్న గడ్డం సమ్మయ్య గారిది ఆ కళే. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో మొదలైన సురభి నాటక సమాజంలో నటన, తెరలు, వేషాలు అన్నీ కుటుంబాల పనే. ఇక బందరు పక్కన చిలకలపూడి ఉండనే ఉంది. రోల్డుగోల్డు నగలకి ఆ ఊరు ఎంత పేరుపడిందంటే, పైమెరుగు మనిషిని చూసి కూడా చిలకలపూడి బంగారం అంటారు. అలా వెక్కిరించేవాళ్ళు ఆ పని ఎప్పుడూ చూసి ఉండరు. రేకుని అచ్చులో కొట్టి, ముక్కలు అతికి, రాళ్ళు పొదిగి, మెరుగు పెట్టి, చివరికి పలచగా బంగారు పూత ఎక్కించే దాకా ఒక నగ ఎన్నో చేతులు మారుతుంది.

సాయంత్రం తరగతుల్లో పూత పూయడం నేర్పరు, నేర్పకూడదు కూడా. అది రసాయనాలతో పని, ఇంట్లో చేసేది కాదు. కెంపు రాళ్ళు పొదగడం కూడా అంతే. నాట్యం వాళ్ళు టెంపుల్ సెట్టు అనే ఎర్రరాళ్ళ నగలకి తమిళనాడులో నాగర్‌కోయిల్‌లోని వడసేరి ప్రసిద్ధి. ఆ పనితనానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. రాయి వెనక మెరుపు రేకు పెట్టి గూడుని మూసేస్తారు. అందుకే పడిన వెలుగు వెనక్కి పోకుండా ముందుకి తిరిగొచ్చి, దూరానికి రాయి నిప్పులా కనిపిస్తుంది. లోపలికి తడి దిగితే ఆ రేకు నల్లబడి రాయి చచ్చిపోతుంది. ఇది తెలిసినవాళ్ళు టెంపుల్ సెట్టుని కడగరు. పొడి గుడ్డతో చెమట ఒత్తి, దూది చుట్టి దాస్తారు, సెంటు దగ్గరికి రానివ్వరు.

తరగతిలో నేర్పేది గుచ్చడం, అతకడం, కట్టడం, బాగుచేయడం. మొదటి పాఠం చూస్తే నవ్వొస్తుంది. ఒక చిన్న రింగుని తెరిచి మూయాలి, అంతే. రెండు పట్టకార్లతో పట్టుకుని పక్కకి తిప్పి తెరవాలి. వెడల్పుగా లాగితే గుండ్రం చెడిపోయి మళ్ళీ కొనకి కొన కలవదు, ఆ సందులోంచే బుట్టకమ్మ జారిపోతుంది. తరవాత పూసని తీగకి ఎక్కించి, సెంటీమీటరు లోపు మిగిల్చి కత్తిరించి, అడ్డంగా వంచి, గుండ్రటి ముక్కు పట్టకారుతో చుట్ట తిప్పడం. చుట్ట పూసకి నడినెత్తిన కూర్చోవాలి. పక్కకి ఒరిగితే వేలాడే లోలకు కూడా ఒరుగుతుంది.

పూసల పేరు గుచ్చేటప్పుడు టీచర్లు కాస్త కఠినంగా ఉంటారు. నాట్యం చేసేది వట్టి పాదాలతో. దండ తెగితే పూసలు వేదిక మీద దొర్లుతాయి, అవి తరవాతి అడుగు కిందకి వస్తాయి. అందుకే మామూలు దారం పనికిరాదు. గట్టి గేరు వైరు వాడి కొనలు లాకు పూసతో నొక్కాలి, లేదా పూసకీ పూసకీ మధ్య ముడి వేయాలి. ముడి వేసిన పేరు తెగినా ఒక్క పూసే రాలుతుంది. మెడ వెనక గొలుసు కొక్కెం కంటే పట్టుదారం డోరీ మేలు. పిల్ల మెడకి తగ్గట్టు బిగించుకోవచ్చు, చెమటకి గీరుకోదు.

తల మీద పెట్టేవాటికి వేరే లెక్క. పాపిట బిళ్ళ, కుడివైపు సూర్యుడు, ఎడమవైపు చంద్రవంక, వెనక రాగిడి, దాని కింద జడ. సవరం కలిపిన జడకి బిళ్ళలు నేరుగా తగిలిస్తే ఒక్క గిరకీకే కిందకి దిగుతాయి. బిళ్ళలను ముందు వెల్వెట్ పట్టీ మీద విడివిడిగా కుట్టి, మధ్యలో వేలెడు సందు వదిలి, ఆ పట్టీని జడకి చుట్టి కట్టాలి. సందు ఎందుకంటే జడ వంగాలి, ఊగాలి. భామాకలాపంలో సత్యభామ ప్రవేశానికి ముందు తెర మీదుగా కనిపించేది ఆ జడే. సిద్ధేంద్ర యోగి తీర్చిదిద్దిన ఆ పాత్రకి అదొక సవాలు, బిరుదు లాంటిది. వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామని చూసినవాళ్ళు ఆ జడ సంగతి ఇప్పటికీ ముచ్చటగా చెప్పుకుంటారు.

నగల పని ఓపికతో వస్తుంది. కుట్టు అలా కాదు, దానికి లెక్క కావాలి. నా దృష్టిలో ఈ తరగతుల అసలు విలువ కుట్టులోనే ఉంది.

పూర్వం చీరనే కచ్చ పోసి కట్టుకునేవారు. ఇప్పుడు అదే చీరని కోసి పైజామా, ముందు కుచ్చిళ్ళ విసనకర్ర, నడుం పట్టీ, పైట, జాకెట్టుగా విడివిడిగా కుడతారు. కత్తెర పెట్టక ముందే చీరంతా నేల మీద పరిచి కూర్చుంటారు. కొంగు పైటకి, అంచులు విసనకర్ర కొసకీ పైజామా కాళ్ళకీ. అంచు ఒక్క జానెడు తప్పుగా పోయినా మళ్ళీ తెచ్చుకోవడానికి ఉండదు. ఈ పరచడానికే ఒక సాయంత్రం మొత్తం పడుతుంది, పట్టనివ్వాలి కూడా. ధర్మవరం చీర మీద తొందరపడే దర్జీని నేను నమ్మను.

కొలత తీయడంలోనే మామూలు దర్జీ దెబ్బతింటాడు. పిల్లని నిలబెట్టి కొలిస్తే నిలబడ్డప్పుడు ముచ్చటగా ఉండే డ్రెస్సు తయారవుతుంది. కానీ కూచిపూడిలో సగం సేపు అరమండిలోనే ఉంటారు, మోకాళ్ళు పక్కలకి విచ్చుకుని. అలా కూర్చోగానే తొడల మధ్య బట్ట బిగిసి చిరుగుతుంది, లేదా పైజామా మడమల మీదికి లేచిపోతుంది. కాబట్టి నిలబెట్టి ఒకసారి, అరమండిలో ఒకసారి కొలవాలి. కాళ్ళు కలిసేచోట ఒక నలుచదరపు ముక్క వేయాలి. జాకెట్టుదీ అదే కథ. చేతులు భుజాల ఎత్తున చాచి కొలిచి, చంకలో చిన్న ముక్క అతికితే చేయి ఎత్తినప్పుడల్లా జాకెట్టు నడుం వదిలి పైకి రాదు. లోపల నూలు లైనింగు తప్పనిసరి. చెమట తాకాల్సింది దాన్ని, పట్టుని కాదు.

విసనకర్ర అంటే రెండు కాళ్ళ మధ్య విచ్చుకునే కుచ్చిళ్ళు. నిలబడితే ముడుచుకుని ఒక్క పట్టీలా కనిపించాలి, అరమండిలో పూర్తిగా తెరుచుకోవాలి, లేవగానే మళ్ళీ తన మడతలోకి తను వెళ్ళాలి. అంగుళం అంగుళానికి గుర్తు పెట్టి మడిచి, పైన తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేసి, కచ్చాకుట్టుతో పట్టి ఉంచుతారు. ఆ తరవాతే మిషను. మడతల వెనకవైపు రెండు మూడు చోట్ల వదులుగా దారం వేసి ఒకదానికొకటి పట్టిస్తారు. విసనకర్రని తిరిగి ముడిచేది ఆ కనపడని దారమే. అది బిగువైతే తెరుచుకోదు, మరీ వదులైతే రెండో ప్రదర్శనకే గుడ్డపీలికలా వేలాడుతుంది. ఎంత వదులు అన్నది ఏ పుస్తకమూ చెప్పదు. పిల్లని లోపలి నుంచి పిలిచి, కట్టి, ఒక అడుగు వేయించి, విప్పి, మళ్ళీ సవరిస్తారు. కుట్టు తరగతి నాట్యం తరగతి పక్కనే ఉండాలనడానికి నాకు కనిపించే మొదటి కారణం ఇదే.

కచ్చాకుట్టుకి అంత పట్టుదల ఎందుకంటే, పట్టు మీద పడిన మిషను కుట్టు విప్పినా సూది రంధ్రం మిగిలిపోతుంది. పలచటి పట్టుకి 11వ నంబరు సూది, జరీ అంచు దగ్గర మందం పెరిగితే 14. ఏ మిషను మీద కూర్చున్నా సూది మార్చడానికి బద్ధకిస్తే జరీ పోగులు పైకి లేస్తాయి. జిప్పుల కంటే నాడాలు నయం. జిప్పు వేదిక వెనక పాడైతే చేసేదేం లేదు, నాడా అయితే బిగించి కట్టొచ్చు. ఎదిగే పిల్లలకి కుట్ల లోపల రెండేసి అంగుళాలు వదిలి, కింద అంచు లోపలికి మడిచి కుడతారు. అలా కుట్టిన డ్రెస్సు అక్క నుంచి చెల్లికి, చెల్లి నుంచి పక్కింటి పాపకి దిగుతుంది.

సాయంత్రం వేళకి ఒక లోపం ఉంది, ఒక లాభమూ ఉంది. ట్యూబులైటు కింద మెరూన్‌కీ ఎరుపుకీ తేడా సరిగ్గా తెలియదు కాబట్టి దారం రంగు పగలే ఎంచి తెచ్చుకోవాలి. నగ ఎలా మెరుస్తుందో చూడాలంటే మాత్రం రాత్రే మంచిది. గదిలో లైట్లు ఆర్పి, ఒక్క పసుప్పచ్చ బల్బు వేసి, దూరంగా గోడకి ఆనుకుని చూస్తే పదో వరసలో కూర్చున్నవాడికి ఏం కనిపిస్తుందో తెలిసిపోతుంది. చేతిలో ముద్దుగా ఉన్న సన్నటి పనితనం అక్కడి నుంచి మాయమవుతుంది. పెద్ద రాయి, స్పష్టమైన గీత, నుదుటి చుట్టూ తెల్లముత్యాల వరస మాత్రం నిలుస్తాయి.

పది రోజుల్లో అన్నీ వచ్చేస్తాయని ప్రకటనలు ఇచ్చే శిక్షణలు ఇప్పుడు చాలా ఉన్నాయి. సర్టిఫికెట్టు చేతికొస్తుంది, చేతికి పని రాదు. ఇంకో బెడద గ్లూ గన్. అరనిమిషంలో ఏదైనా అంటించేస్తుంది, వేదిక దీపాల వేడికీ ఒంటి చెమటకీ అంత త్వరగానూ వదిలేస్తుంది. అంటించక తప్పనిచోట మంచి జిగురు పెట్టి ఒక రోజంతా ముట్టుకోకుండా వదలాలి. వీలైనచోటల్లా సూదీ దారంతో కుట్టాలి. అద్దె డ్రెస్సుకి గుచ్చే పిన్నీసుల గురించి వేరే చెప్పక్కర్లేదు, పిల్ల చర్మం చెబుతుంది.

నేర్చుకున్నవాళ్ళందరూ దుకాణం పెట్టరు. చాలామంది సొంత పిల్లవి కుట్టుకుని, నలుగురివి బాగుచేసి ఆగిపోతారు. ఒకరిద్దరు మాత్రం అందులో బతుకు చూసుకుంటారు. వార్షికోత్సవాల కాలంలో జడ పట్టీలకీ విసనకర్ర మరమ్మతులకీ చేతినిండా పని దొరుకుతుంది. తెగిన హారం తిరిగి గుచ్చిపెట్టేవాళ్ళు దొరకక కొత్త సెట్టు కొనేవాళ్ళు ఎందరో. వాళ్ళకి బాగుచేసే మనిషి విలువ తెలుసు.

ఇప్పుడు డాలస్ నుంచీ, బే ఏరియా నుంచీ కూడా కూచిపూడి డ్రెస్సులకి అడుగుతున్నారు. పిల్ల అక్కడ, మిషను ఇక్కడ, కొలతలు వీడియో కాల్‌లో. ఆ తల్లులకి టీచర్లు చెప్పేది ఒకటే. టేపు పట్టుకుని నడుము, తుంటి, నడుం నుంచి మోకాలు, మోకాలి నుంచి మడమ, అన్నీ రెండుసార్లు రాసి పంపండి, నిలబడి ఒకసారి, అరమండిలో ఒకసారి. చేతులు చాచి ముందు నుంచీ వెనక నుంచీ ఫొటోలు తీయండి. పిల్ల వయసు రాయడం మరిచిపోకండి, అంచు లోపల ఎంత బట్ట దాచాలో దాన్ని బట్టే చూసుకుంటాం.